పిల్లల బియ్యం

11 జులై 1988, సోమవారం. తాళ్లవాగు.

బస్సు రోడ్డు మీద దింపిపోయింది. అక్కడి నుంచి నడకే. వాన ఆగింది గాని తోవంతా బురద. వెంకటనారాయణ గారు చెప్పులు చేతిల పట్టుకొని ముందు నడుస్తున్నరు. ఆడిట్ కాగితాల పెట్టె భుజాన పెట్టుకొని నేను వెనక. ఆయన మధిర మనిషి, సీనియర్ ఆడిటర్, వచ్చే ఏడు రిటైర్ అయితరు. మా ఆడిట్ పార్టీకి ఆయనే పెద్ద. పార్టీ అంటే మేమిద్దరమే.

బడి గుట్ట మీద ఉన్నది. ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల. కోయ పిల్లలు, మా లంబాడి పిల్లలు ఇక్కడనే తిని, ఇక్కడనే పండి చదువుకుంటరు. వరండాల అడుగు పెట్టంగనే అందరు లేచి "నమస్తే సార్" అన్నరు. ఆ పిలుపు నాకింకా అలవాటు కాలే. టేకులపల్లి దిక్కు మా తండాల నన్ను ఇప్పటికీ రూప్యా అనే పిలుస్తరు. ఆఫీసు కాగితాలల్ల మాత్రం రూప్‌సింగ్, జూనియర్ ఆడిటర్.

హెడ్‌మిస్ట్రెస్ పేరు అంతోనమ్మ. తెల్లచీర, మెడల చిన్న సిలువ. ఈ డిసెంబర్‌ల ఆమె కూడా రిటైర్.

"ఏ ఏడాది లెక్కలు చూస్తరు సారూ?"

ఎనభై ఆరు, ఎనభై ఏడు అని చెప్పిన.

"వరద ఏడు," అన్నది. లోపలికి పోయి స్టోరు తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

పని సాఫీగ అయిపోయేటట్టే ఉన్నది. శనివారానికి ఇంట్ల ఉంటనని నా భార్య గోరికి చెప్పి వచ్చిన. నెలలు నిండుతున్నయి ఆమెకు. కొత్తగూడెం కిరాయి ఇంట్ల ఒక్కతే ఉన్నది.


12 జులై

శనివారానికి ఇల్లు చేరుడు కాదు.


13 జులై

పొద్దటి నుంచి ఒకటే పని, అయినా నమ్మబుద్ధి కాలే. ఎనభై ఆరు ఆగస్టుల బడి స్టోరు మొత్తం ఖాళీ అయింది. బియ్యం, పప్పు, నూనె. చలికాలానికని ముందే వచ్చిన దుప్పట్లు గూడ. ఇవి కాక బడి కప్పు రిపేరుకని బ్యాంకుల నుంచి తెచ్చి పెట్టెల పెట్టిన పైసలు పోయినయి. కప్పు రిపేరు కాలే. నేను కూర్చున్న కాడనే నెత్తి మీద చుక్కలు పడుతున్నయి. ఒక్క ఓచర్ లేదు. పై నుంచి ఆర్డర్ లేదు.

వెంకటనారాయణ గారు అంతోనమ్మ మేడంను పిలిపించిండ్రు. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు.

"బియ్యం ఏమయ్యాయి మేడం?"

"తిన్నరు."

"ఎవరు?"

"గుట్ట ఎక్కి వచ్చినోళ్లంతా."

"దుప్పట్లు?"

"కప్పుకున్నరు."

"రిపేరు డబ్బు?"

"పడవలోళ్లకిచ్చిన. చెట్ల మీద, కొట్టాల మీద ఇంకా మనుషులున్నరు. పైసలిస్తెనే పోతమన్నరు. ఇచ్చిన."

"రసీదు తీసుకోలేదా?"

"గోదాట్ల నిలబడి రసీదు ఎవరు రాస్తరు సారూ?" కోపంగ అనలే. నిజంగనే అడుగుతున్నట్టు అడిగింది.

తర్వాత తనే చెప్పింది. జెండా పండుగకు పిల్లలు పాటలు నేర్చుకుంటున్నరంట. పొద్దున్నే లేచి చూస్తే గుట్ట కింద వాగు లేదు, గోదావరే ఉన్నది. చుట్టూ ఊర్లోళ్లు పిల్లల్ని, మేకల్ని ఎత్తుకొని గుట్ట ఎక్కుతున్నరు. రోడ్డు లేదు, కరెంటు లేదు, కబురు చేసే దారి లేదు. ఆమె స్టోరు తలుపు తీసింది. నీళ్లు దిగేదాక ఆ తలుపు మళ్లీ వేయలే.

వెంకటనారాయణ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నరు. "మీరు చేసింది మంచిపని కాదని నేను అనను. కాని ఆ బియ్యం మీవి కావు. ప్రభుత్వానివీ కావు. పిల్లల బియ్యం. వాళ్ల అమ్మానాన్నలు మిమ్మల్ని నమ్మి వదిలిపెట్టి వెళ్లారు."

"అవ్," అన్నది ఆమె.

మొత్తం విలువ ఆమె నుంచి వసూలు చేయాలని ఆడిట్ రిపోర్టుల పేరా రాయమన్నరు సార్. రాసిన. ఈ పేరా తేలేదాక ఆమె పింఛను కదలదు. నాకేం సంబంధం? నేను లెక్క చూసేటోన్ని.


14 జులై

వాన. మెస్సు నుంచి మేడం మాకు అన్నం పంపింది. వెంకటనారాయణ గారు వాపసు పంపిండ్రు. ఆడిట్ చేసే చోట ఆయన మంచినీళ్లు కూడా తాగరు. వెంట తెచ్చుకున్న కిరసనాయిలు స్టవ్ మీద చాయ కాచుకుంటరు, అటుకులు నానేసుకుంటరు. ఇన్నేండ్ల సర్వీసుల ఆయన మీద ఒక్క మాట లేదు. ఆయన్ను చూసే నేను ఈ పని నేర్చుకున్న.

నాకేం సంబంధం అని నిన్న రాసిన. మళ్లీ చదివిన. సంబంధం లేదు.


15 జులై

అడిగిన. అడగొద్దనుకుంటనే అడిగిన.

"సార్, తిన్నోళ్లు ఉన్నరు గదా. వాళ్లు చెప్తే?"

ఆయన చాయ వడబోస్తున్నరు. "చెప్తే చాలదు. సంతకమో వేలిముద్రో పెట్టాలి. అలాంటి వాంగ్మూలాలు ఉంటే పేరాకు జతచేసి పంపొచ్చు. మాఫీ చేయడం, చేయకపోవడం పైవాళ్ల ఇష్టం."

"పోయి అడగనా?"

"ఆదివారం నీది. ప్రయాణ భత్యం రాదు. ఎందుకు వెళ్లావని రేపు ఆఫీసు అడగొచ్చు. నీకింకా ప్రొబేషన్ డిక్లేర్ కాలేదు, గుర్తుపెట్టుకో."

పోను. ఆదివారం కొత్తగూడెం పోయి గోరిని చూసి వస్త.


17 జులై, ఆదివారం

పోయిన. కొత్తగూడెం కాదు.

వాగు దాటి అడవిల నడిస్తే కోయ గూడెం. అక్కడ హేమ్లా అని పెద్దమనిషి ఉన్నడు. పేరు అంతోనమ్మ మేడమే చెప్పింది. ఎందుకు పోతున్నవని అడగలే, తోవ మాత్రం చెప్పింది. హేమ్లా మంచం వాల్చిండు, మంచినీళ్లిచ్చిండు. వరద మాట ఎత్తంగనే చుట్టూ ఆడోళ్లు, ముసలోళ్లు చేరిండ్రు. అందరు ఒక్కపారే చెప్తున్నరు, సగం కోయల, సగం తెలుగుల. ఒకామె ఇంట్లకు పోయి దుప్పటి ముక్క పట్టుకొచ్చింది. బడి దుప్పటే. సగం చింపి చంటిపిల్లకు ఉయ్యాల కట్టుకున్నదంట. ఒక ముసలాయన తనను మద్దిచెట్టు మీద నుంచి పడవలకు ఎట్ల దించిండ్రో చేతులతోని చూపించిండు.

"మేడం లేకుంటే మేం లేము సారూ," అన్నడు హేమ్లా.

నాకు సంతోషమైంది. సంచిల నుంచి కాగితాలు, సిరా ప్యాడు బయటకు తీసిన.

మాటలు ఆగిపోయినయి. ఆడోళ్లు ఒక్కొక్కళ్లే లేచి పోయిండ్రు. దుప్పటి తెచ్చినామె దాన్ని చుట్టి చంకల పెట్టుకున్నది.

"ఇది మీ మీదికి రాదు. మేడంకు మేలు జరుగుతది," అన్న.

హేమ్లా కిందికి చూస్తూ చెప్పిండు. "మేలయితదని ఇంకొకాయన వచ్చిండు సారూ. నాలుగేండ్లయితది. భూమికి పట్టా వస్తదని అందరి వేళ్లు అద్దించుకపోయిండు. తర్వాత అదే కాగితం పట్టుకొని, అడవి నరికి పోడు కొట్టినమని మీరే ఒప్పుకున్నరన్నరు. నా కొడుకు ఇంకా కోర్టు పేషీలకు తిరుగుతున్నడు."

"నేను అసువంటోన్ని కాదు."

"ఆయన గూడ మంచోడే సారూ. చూస్తే మంచోని లెక్కనే ఉండె."

ఒక్క వేలు పడలే. వాపసు వచ్చేటప్పుడు తోవల మస్తు కోపం వచ్చింది వాళ్ల మీద. వాళ్ల ప్రాణాలు కాపాడిన మనిషికి ఒక్క వేలు అద్దలేరా అని. వాగు కాడికి వచ్చినంక మా నాయన లాల్‌సింగ్ యాదికొచ్చిండు. నాకు సర్కారు కొలువు వచ్చినా ఆయన ఇప్పటికీ ఆఫీసర్ల జీపు సప్పుడు వింటే చేన్లకు పోయి కూసుంటడు. కొడుకు ఆడిటర్ అయినా సరే.

వాగుల కాళ్లు కడుక్కొని కొంచెంసేపు అక్కడనే ఉన్న.


18 జులై

వరదప్పుడు ఇక్కడున్న పిల్లల్ని అడిగిన. చిన్నపిల్లలు మేడం దిక్కు చూసి "బాగుంటిమి సార్" అన్నరు. పదో తరగతి పిల్ల ఒకతి గోడకు ఆనుకొని నిలబడ్డది, ఏం అనలే. మంగ్లి పేరు. మా లంబాడి పిల్లే. మధ్యాహ్నం బోరింగ్ కాడ ఒక్కతే ఉంటే మా భాషల పలకరించిన. భాష వినంగనే ముఖం మారింది. తర్వాత ఆపకుండ చెప్పింది.

"ఆకలైంది. పొద్దున గంజి, మాపటికి ఏం లేదు. బయటోళ్ల పిల్లలకు ముందు పెట్టేది, మాకు తర్వాత. నా పక్కన లాలి పండేది. మా తండాదే. దానికి జొరం వచ్చింది. అది కప్పుకున్న దుప్పటి మేడం వచ్చి తీసుకపోయింది. ఎవరో బాలింతకు కప్పాలెనన్నది. లాలికి నా లంగా ఓణీ కప్పిన. నీళ్లు తగ్గినంక దాన్ని వాళ్ల నాయన తీసుకపోయిండు. దవాఖానాల బతికింది గాని మళ్లీ బడికి పంపలే. పెండ్లి చేసిండ్రు."

"పాపం, బయటోళ్లు నీళ్లల్ల నుంచి వచ్చినోళ్లు గదా," అన్న.

"నాకు తెల్వదా?" అన్నది. బిందె నిండి పొర్లుతున్నది, పట్టించుకోలే. "మమ్మల్ని అడిగిందా మేడం? అది మా బియ్యమే గదా. అడిగితే ఇస్తుంటిమి కావచ్చు. ఒక్కమాట అడగలే."

బిందె ఎత్తుకొని పోయింది.

ఆకలితోని ఉన్నప్పటి మాట. చిన్నపిల్ల. ఇది కాగితం మీద రాయాల్సిన పని లేదు.


19 జులై

వేలిముద్రలు లేకున్నా, విన్నది విన్నట్టు ఒక నోటు రాసి పేరాకు జతచేస్తనని చెప్పిన. వెంకటనారాయణ గారు సరేనన్నరు, కాదన్నట్టు.

"పిల్లల్ని కూడా అడిగావా?"

"అడిగిన సార్. బాగనే ఉన్నమన్నరు."

ఆయన నా ముఖం చూసిండ్రు. నేను కాగితాలు సర్దుకున్న.

అబద్ధం కాదు. ఇప్పుడు బాగనే ఉన్నరు గదా.


20 జులై

ఇయ్యాల జరిగింది వివరంగ రాసుకోవాలె.

పొద్దున ప్రార్థన అయిపోయినంక గుట్ట కింద నుంచి మనుషులు వరుసగ ఎక్కివస్తున్నరు. ముందు హేమ్లా. వెనక ఆడోళ్లు, మగోళ్లు. నెత్తిన తట్టలు, చంకల మూటలు. వరండా ముందర దించిండ్రు. బియ్యం. కొందరి దగ్గర బియ్యం లేక జొన్నలు తెచ్చిండ్రు. ఒక ముసలామె కొంగు ముడి విప్పితే సోలెడు నూకలు.

హేమ్లా నన్ను చూడలే. నేరుగ అంతోనమ్మ మేడంతోని మాట్లాడిండు. "మేం తిన్న బియ్యానికి నిన్ను పట్టుకున్నరంట గదా అమ్మా. వేలు పెట్టం గాని బియ్యం తెచ్చినం. ఇంకా తెస్తం. తూకం వేసుకొమ్మను."

వెంకటనారాయణ గారు లేచి బయటకు వచ్చిండ్రు. ఒక్కొక్క తట్ట చూసుకుంట పోయిండ్రు. తర్వాత మెల్లగ, "మేడం, స్టోరులో తరుగు పడ్డ సరుకును సరుకు రూపంలోనే పూడ్చుకోవచ్చు. రూలు ఒప్పుకుంటుంది. తూకం వేసి జమ రాయించండి. ఆ మేరకు రికవరీ తగ్గిస్తాను," అన్నరు.

ఆయన నోట ఆ మాట వస్తదని నేను అనుకోలే. నాకైతే పెద్ద బరువు దిగినట్టయింది. తక్కెడ తెమ్మని వంటామెకు సైగ చేసిన.

"వద్దు," అన్నది అంతోనమ్మ మేడం.

మెట్లు దిగి ఆ ముసలామె ముందు కూర్చున్నది. "పెద్దమ్మా, మీ ఇంట్ల ఇంకేమున్నయి?"

ముసలామె నవ్వింది. ఇది శ్రావణం ముందు కరువు నెల. కొత్త పంట రావడానికి ఇంకా ఎన్నో రోజులున్నయి. ఈ నెలల అడవి గూడేలల్ల ఏం తింటరో నాకు తెల్వంది కాదు. చిన్నప్పుడు మేమూ తిన్నం.

మేడం లేచి హేమ్లాకు చెప్పింది. "నేను అప్పు పెట్టలేదు అన్నా. ఇయ్యాల ఇవి తీసుకుంటే ఆ రోజు అప్పు పెట్టినట్టయితది. ఇంటికి తీసుకపోండ్రి."

"మరి నిన్ను పట్టుకుంటరు గదా."

"పట్టుకోనీయ్యి. మీకు పెట్టింది నేను. ఎవరి బియ్యం తీసి పెట్టిన్నో వాళ్లకు కట్టాల్సింది గూడ నేనే. నడిమిట్ల మీరెందుకు?"

హేమ్లా బతిమాలిండు. కోపం చేసిండు. కోయల ఏదో గట్టిగ అన్నడు. ఆమె కదలలే. చివరికి ఆడోళ్లే తట్టలు ఎత్తుకున్నరు. ఎక్కినప్పటికంటే దిగేటప్పుడు మెల్లగ నడిచిండ్రు.

వెంకటనారాయణ గారు లోపలికి పోయి కూర్చొని పెన్నుకు మూత పెట్టిండ్రు.

"సార్, ఆమె తప్పు చేస్తున్నది గదా?" అన్న.

"నాకు తెలీదు రూప్‌సింగ్," అన్నరు. ఆయన నాకు తెలీదు అనుడు నేను ఇదే మొదటిసారి వినుడు.


21 జులై

డ్రాఫ్ట్ పేరాలు హెడ్‌మిస్ట్రెస్‌కు చూపించి జవాబు తీసుకోవాలె. నా నోటు గూడ అందుల ఉన్నది. ఆమె కిటికీ కాడ కూర్చొని, వేలు పెట్టి ఒక్కొక్క వరుస చదివింది. అయిపోయినంక మొదటి పేజీకి వచ్చింది.

"మంగ్లి నీకు చెప్పిందంట గదా నాయనా. అది ఏది?"

నన్ను అప్పటిదాక సారూ అన్నది. నాయనా అనుడు అప్పుడే.

"ఎవరు చెప్పిండ్రు మేడం?"

"అదే చెప్పింది. ఆ సార్‌కు అంతా చెప్పిన అని వచ్చి నా ముంగట నిలబడ్డది."

"అది రాస్తే మీకే నష్టం. మాఫీ చేసేటోళ్లకు అదొక్కటి చాలు. పిల్లల్ని ఆకలికి పెట్టిందంటరు."

"పెట్టిన గదా."

నేను కాగితం వాపసు తీసుకోబోయిన, ఆమె ఇయ్యలే.

"రెండేండ్ల నుంచి ఆ పిల్ల నాతోని సరిగ్గ మాట్లాడది. మొత్తుకోలే, ఏడ్వలే, ఎవరికీ చెప్పలే. సర్కారు మనిషి వచ్చి అడిగితే ఇన్నాళ్లకు నోరు తెరిచింది. దాన్ని గూడ నువ్వు మింగుతే, ఇగ అది ఎవరికి చెప్పుకోవాలె?"

"మీరు ఒక్కమాట అడిగితే ఇస్తుంటిమి అన్నది మేడం."

ఆమె కాగితం మడిచింది, మళ్లీ తెరిచింది. "అవ్. అడిగేది ఉండె. ఆ రోజు నాకు వాళ్లు పిల్లలే అనిపించిండ్రు. వాళ్ల సొమ్ము అనిపించలే." కాగితం నా చేతికిచ్చింది. "లాలి సంగతి గూడ రాయి. పేరు రాయకు. పెండ్లయిన పిల్ల."

రాసిన. గూడెంల విన్నదీ రాసిన, బోరింగ్ కాడ విన్నదీ రాసిన. ఎవరూ వేలు పెట్టలేదని రాసిన. కింద నా సంతకం పెట్టిన.

వెంకటనారాయణ గారు చదివి, "దీనికి నిన్నెవరూ పంపలేదు. మెమో వస్తుంది. ఇంక్రిమెంటు ఆపినా ఆపుతారు," అన్నరు.

"ఎరికే సార్."

"నాకు ఆపడానికి ఇంక ఇంక్రిమెంట్లు లేవు." పెన్ను తీసి నా సంతకం కింద ఆయన గూడ పెట్టిండ్రు. "పిల్లలు బాగానే ఉన్నారన్నావు మొన్న."

"అవ్ సార్."

"సరే." అంతకుమించి అడగలే.


23 జులై

ఇంటికొచ్చిన. గోరి కాళ్లు వాచినయి. ఆదివారం రానందుకు మాట్లాడలే. చెప్పాలనుకున్న. రేపు చెప్త.


2 సెప్టెంబర్

ఆడపిల్ల. ఇద్దరు క్షేమం.


31 డిసెంబర్

ఇయ్యాల తాళ్లవాగు బడిల అంతోనమ్మ మేడం రిటైర్మెంట్. కార్డు రాసింది రమ్మని. పోలే. ఆడిట్ చేసినోడు పోతే బాగుండదు. అందుకే పోలే. వేరే కారణం లేదు.


19 జనవరి 1989

మెమో వచ్చింది. అనుమతి లేకుండ విచారణ ఎందుకు చేసినవని. జవాబు రాసిన. వెంకటనారాయణ గారు ఆయన జవాబు ఆయన రాసుకున్నరు. నన్ను పంపింది తనేనని రాసిండ్రు. ఎందుకట్ల రాసిండ్రని అడిగితే, "ఆదివారం నీదని నేనే కదయ్యా చెప్పింది," అన్నరు.


3 మార్చి

ప్రొబేషన్ డిక్లేర్ కాలే. నాతోని చేరినోళ్లందరికి అయింది. గోరి వాళ్లమ్మ ముందర నేనేదో కారణం చెప్పిన.


24 ఏప్రిల్

ఆర్డర్ వచ్చింది.

పడవలోళ్లకిచ్చిన పైసలు మాఫీ. ప్రాణాలు కాపాడేందుకు ఖర్చయినట్టు ఆడిటర్ల నోటు వల్ల తెలుస్తున్నదంట. బియ్యం, పప్పు, నూనె, దుప్పట్లు మాత్రం పూర్తిగ వసూలు చేయాలె. అదే నోటు వల్ల, బడి పిల్లలు వాటికి దూరమై ఇబ్బంది పడ్డట్టు తేలుతున్నదంట.

రెండూ నేను రాసినవే.


25 ఏప్రిల్

ఆ వరుసలు రాయకుంటే మొత్తం మాఫీ అయ్యేదేమో.

వెంకటనారాయణ గారిని అడిగిన. "అయ్యేదేమో. కాకపోయేదేమో," అన్నరు. "అది తీసేసి పంపితే ఈరోజు నీకు హాయిగా ఉండేదా?"

ఉండేది. ఆయన ముందర అనలే గాని, ఉండేది.


9 మే

భద్రాచలం పోయి వచ్చిన. మేడం అక్కడ చర్చి వెనక ఒక రూము కిరాయికి తీసుకొని ఉంటున్నది. ఆర్డర్ కాపీ ఆమెకు ముందే చేరింది. నన్ను చూసి కుర్చీ వేసింది. నేను కూర్చోకుండనే మొదలుపెట్టిన.

"మేడం, నేను ఆ నోటు..."

"పడవల పైసలు పోనిచ్చిండ్రు. సంతోషం. అవి పిల్లలవి కావు," అన్నది. "మిగిలినవి కట్టేవే. కూసో, చాయ తాగు. ఇప్పుడు నా ఆడిట్ లేదు గదా."

తాగిన.

రూముల ఇంకొక మనిషి ఉన్నది. మంగ్లి. పరీక్షలు రాసి, రిజల్ట్ కోసం చూస్తున్నది. చీర కట్టుకొని పెద్దపిల్ల లెక్క ఉన్నది.

"నేనే కబురు చేసిన," అన్నది మేడం. "నేను కట్టేది ఈ పిల్ల చూడాలెనని."

ముగ్గురం ట్రెజరీకి పోయినం. ఎండ మంట మండుతున్నది. చలాన్ నేను నింపిన. దేనికోసం కడుతున్నరో రాసేకాడ ఆడిట్ రికవరీ అని రాయబోతే మేడం పెన్ను తీసుకున్నది. 'తాళ్లవాగు ఆశ్రమ పాఠశాల పిల్లల బియ్యం, దుప్పట్లు' అని రాసి సంతకం చేసింది. కౌంటర్ల ఉన్నాయన చదివి ఏదో అనబోయిండు, ఆమె వయసు చూసి ముద్ర కొట్టిండు.

బయటికొచ్చినంక నేను ఉండబట్టలేక చెప్పిన. "మేడం, ఈ పైసలు పిల్లలకు పోవు. సర్కారు ఖాతాలకు పోతయి. ఆ బడికి ఒక్క గింజ రాదు."

"ఎరికే," అన్నది. "అందుకే దీన్ని పిలిపించిన."

మంగ్లి చలాన్ చేతిలకు తీసుకొని మొత్తం చదివింది. వాపసు ఇచ్చింది. మేడం దాన్ని మడిచి సంచిల పెట్టుకున్నది.

బస్టాండ్ కాడ హోటల్ల భోజనానికి కూర్చున్నం. నేను పైసలిస్తనన్న. మేడం ఊకున్నది. సగం తిన్నంక మంగ్లి తల ఎత్తకుండనే చెప్పింది.

"రేపు లాలి కాడికి పోతున్న. కొడుకు పుట్టిండు దానికి. బాలింత."

మేడం చేయి విస్తరి మీద ఆగింది. గోదావరి మధ్యల తలుపు తీసిపెట్టిన మనిషి, హేమ్లా తట్టలు వాపసు పంపిన మనిషి. కలిపిన ముద్ద విస్తర్ల వదిలేసింది.

"రెండుసార్లు ఆ తండా దాక పోయి తిరిగొచ్చిన," అన్నది. మాతోని కాదు, విస్తరితోని అన్నట్టు. "ఆ పిల్ల ముంగటికి పోవుడు నాతోని కాలే."

మంగ్లి ముద్ద కలుపుతున్నది. హోటలాయన వచ్చి ఇంకా కావాలెనా అని అడిగి పోయిండు.

"నేను గూడ వస్తనంటే," అన్నది మేడం, "లాలి ఏమంటదో. నువ్వేమంటవ్?"

మంగ్లి అప్పుడు తల ఎత్తి ఆమెను చూసింది.

"రండి," అన్నది. "ఎండ ముదరకముందే పోవాలె. పొద్దుగాల మొదటి బస్సుకు రండి."